ఇంజను చల్లారేదాకా

“ఏరా, బాగున్న ఇంజను విప్పకపోతే నీకు పూట గడవదా?”

మాచర్లలో, బైకుల మేస్త్రీ నౌషాద్ షెడ్డు ముందు, నలుగురూ వింటుండగా జయకృష్ణ అడిగిన మాట ఇది. జయకృష్ణకు దుర్గిలో శిల్పాల కార్ఖానా ఉంది. క్వారీ దారుల్లో తిరగడానికి హైదరాబాదులో ఒక పాత డర్ట్ బైకు కొన్నాడు. క్లచ్ ప్లేట్లు వేయించడానికి తెస్తే, నౌషాద్ సైలెన్సర్లోంచి వస్తున్న నీలిపొగ చూపించాడు.

“ఆయిల్ తాగతా ఉందన్నా. ఇప్పుడైతే పిస్టన్, రింగులతో పోద్ది. ఇట్టాగే తోలావంటే బోరు గీసుకుపోద్ది, ఆనక క్రాంకు. గాలి ఫిల్టరు స్పాంజికి నూనె పట్టించు, అది ఎండిపోయుంది.”

నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుందని జయకృష్ణ లెక్క. స్పాంజిని సబ్బుతో కడిగి పొడిగా బిగించేవాడు. దానికి అంటుకోని రాతిపొడి ఎటు పోతుందో ఆలోచించలేదు. క్లచ్ డబ్బు తర్వాత ఇస్తానని బైకెక్కి పోయి, నౌషాద్ ఇంజన్లు ఊరికే విప్పే దొంగ అని ఊరంతా చెప్పాడు. పేరు పోయిన మేస్త్రీకి మిగిలేది పంక్చర్లే. నౌషాద్‌కూ అవే మిగిలాయి.

కాలం గాయాలు మాన్పుతుందంటారు. నౌషాద్ గాయాన్ని ఆ బైకు చప్పుడు రోజూ కెలికేది. అది రోడ్డు మీద వెళ్తే పని ఆపి వినేవాడు. లాగుడు తగ్గింది. టకటక మొదలైంది. ఆ కబురు ఇంటికి మోసుకెళ్ళేవాడు.

“ఆ బండి మీదున్న ధ్యాస నా మీద లేదు” అంది భార్య హీనా.

“ఇంకొంచెం అరగనీయే.”

చివరికి జయకృష్ణ బైకు అమ్మకానికి పెట్టాడు. నడికుడి నుంచి వచ్చిన రాజశేఖర్ అడ్వాన్సు ఇచ్చాడు. పాత బండిని మేస్త్రీకి చూపించాకే మిగతా డబ్బు ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. మేస్త్రీని ఎంచుకునేది మాత్రం కొనేవాడు. రాజశేఖర్ తన పాత మేస్త్రీ నౌషాద్‌కే చూపించాలన్నాడు.

వేడెక్కిన ఇంజనులో టకటక తగ్గుతుంది. అందుకే జయకృష్ణ దాన్ని బాగా తిప్పి తెచ్చాడు. నౌషాద్ దాని మీద చెయ్యి పెట్టి తీశాడు.

“చల్లారనీ అన్నా. టీ తాగుదాం.”

రాజశేఖర్ చెవిలో ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ అది సంత రోజు. జనం మూగేదాకా నౌషాద్ టీ తాగుతూనే ఉన్నాడు. అప్పుడు, చల్లారిన ఇంజను కిక్ రాడ్డును చేత్తో నొక్కాడు. అరగని ఇంజనైతే చేతికి ఎదురు తన్నేది; ఇది బిగువన్నది లేకుండా దిగిపోయింది. ఫిల్టరు వెనక గొట్టంలో వేలు పెట్టి, అంటిన తెల్లటి పొడిని అందరికీ చూపించాడు.

“శిల్పాలు బయట చాలక ఇంజనులో కూడా చెక్కిస్తన్నావా అన్నా?”

జనం నవ్వారు. రాజశేఖర్ నవ్వలేదు. అడ్వాన్సు వెనక్కి తీసుకుని బస్సెక్కాడు.

“నౌషాద్ భాయ్, అయ్యిందేదో అయ్యింది. నువ్వే విప్పి చెయ్యి” అన్నాడు జయకృష్ణ.

“నడిచే ఇంజను విప్పడం దేనికన్నా? నాకు పూట గడుస్తంది.”

గడవడం లేదు. అయినా ఆ మాట అనడానికే ఇన్నాళ్ళూ ఆగాడు.

చల్లారాక మళ్ళీ స్టార్టవని బైకు ట్రాలీ ఆటోలో దుర్గికి వెళ్ళింది. క్లచ్ ప్లేట్ల తాలూకు పద్దెనిమిది వందలు జయకృష్ణ ఇంకా ఇవ్వాలి.