నాలుగు ఇనుప మేకులు

బాపట్ల స్టేషన్లో నన్ను సైన్యం లారీ ఎక్కించి, సముద్రం పక్కన సరుగుడు తోట అవతల దించారు. డెబ్బైల మొదట్లో మాట. సైన్యంలో రేడియో ఆపరేటర్ని, ఊరు తెనాలి; సొంతూరి దాపునే డ్యూటీ పడిందని మురిసిపోయాను. ఇసుక మీద గట్టిచేసిన తాత్కాలిక రన్‌వే, ఒక గుడారం, నా రేడియో సెట్టు. రన్‌వే మొదట్లో తెల్ల కాన్వాసు గుడ్డ పరిచి, నాలుగు మూలల రింగుల్లోంచి ఇనుప మేకులు దిగ్గొట్టాం. పైలట్‌కు అదే గుర్తు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి సముద్రపు గాలి అడ్డంగా కొడుతోంది. రేపల్లె దాకా తీరం చూసి తిరిగొస్తున్న చిన్న విమానం బాగా ఎత్తులో, వేగంగా వచ్చింది. రెక్కలు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"ఎత్తెక్కువైంది సార్, ఓ చుట్టు తిరిగి మళ్లీ రండి," అన్నాను రేడియోలో.

"దిగుతున్నా," అన్నాడు పైలట్.

దభీమని పడింది. చక్రాలు విరిగి, పొట్ట మీద జారి ఆగింది. నేను సెట్టు వదలకూడదు, ఆసుపత్రికి కబురందించాలి. ఆలోపే వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు పరిగెత్తుకొచ్చి, పైలట్‌ను బయటికి లాగి రోడ్డు దాకా మోసుకుపోయారు.

మధ్యాహ్నానికి మా సుబేదార్ కొత్త కథ ఎత్తుకున్నాడు. గుడ్డ మాయం. మేకులు జాలరి పోలయ్య గుడిసెలో దొరికాయి. ఇంకేం, గుర్తు దొంగిలించబట్టే విమానం దెబ్బతిందట! పోలయ్య చేతులు కట్టి కూర్చోబెట్టారు, పోలీసులకు అప్పజెప్పడానికి.

"దిగేటప్పుడు గుడ్డ ఉంది సార్, నేను చూశాను," అన్నాను.

"మీ వాళ్లని వెనకేసుకొస్తున్నావా?" అన్నాడు హిందీలో.

అంతే, దొంగల్లో నేనూ కలిశాను. నాకు మాత్రం ఆయన మీదే అనుమానం, తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడని. గాలి సంగతి పైలట్‌కు ముందే చెబుతానంటే అక్కర్లేదన్నది ఆయనే మరి.

పోలయ్య దగ్గరికెళ్లాను. "మేకులెందుకు తీసుకెళ్లావు బాబాయ్?"

"పిల్లలు తొక్కుతారని దాచానండి."

"మరి గుడ్డేదీ?"

"మీ దొరగారి కిందే ఉందండి! సముద్రంలో దెబ్బతగిలినోణ్ణి మేమట్టాగే గడకి ఉయ్యాల కట్టి మోస్తామండి. అప్పటికి ఆ గుడ్డే దొరికింది."

నమ్మాలో వద్దో తేల్చుకోలేక ఆసుపత్రికి పోయాను. పైలట్‌కు నడుము విరిగింది, కదపొద్దన్నారు. ఆయన కింద అదే కాన్వాసు, మూలల్లో ఇనుప రింగులతో సహా.

"గుడ్డ కనిపించింది," అన్నాడాయన నీరసంగా. "నువ్వు చెప్పినట్టు మళ్లీ తిరిగి రావలసింది."

వెనక్కి వచ్చి ఆ మాట సుబేదార్‌కు చెప్పాను. సాయంత్రం పోలయ్య చేతుల కట్లు విప్పారు. సుబేదార్ నోటివెంట తప్పయిందన్న మాట రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

డ్యూటీ ముగించుకుని తెనాలి చేరాను. ఇప్పటికీ ఎక్కడ విమానం చప్పుడైనా ఆ ఇసుకే కళ్లముందుకొస్తుంది. ఆ రోజు తర్వాత నేనక్కడున్నన్నాళ్లూ విమానం దిగిన ప్రతిసారీ పోలయ్య వల పక్కన పెట్టి లేచేవాడు. ఖాళీ చేతులు రెండూ మాకు కనపడేలా పైకెత్తి నిలబడేవాడు. విమానం ఆగేదాకా దించేవాడు కాదు.