కోళ్లక్క పండగ కూర

మా తోడికోడలిని వీధి వీధంతా కోళ్లక్క అంటుంది. ఇరవై రెండేళ్లుగా కోళ్ల కొట్టు నడుపుతోంది మరి. బావగారు పేరుకే యజమాని. కత్తి పట్టేదీ, తూచేదీ, బేరగాళ్ల నోళ్లు మూయించేదీ ఆవిడే.

ఆవిడ గురించి ఒక సంగతి అందరికీ తెలుసు. క్రిస్మస్ రోజున మా ఇంట్లో చికెన్ పొయ్యెక్కదు. ముందు రోజంతా కోళ్లు కోసి కోసి, వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, మర్నాడు ఆ వాసన తగిలితేనే ఆవిడకి కడుపులో తిప్పేది. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా చేతుల్ని వదలని వాసన అది. అందుకని ప్రార్థన అయ్యీ అవగానే తిన్నగా మటన్ కొట్టుకి వెళ్లి, వరసలో అందరికంటే ముందు నిలబడేది. "నీ కోళ్లు నీకే చేదా అక్కా?" అని అందరూ ఆటపట్టించేవాళ్లు. ఆవిడా నవ్వేది. ఏడాదంతా నేనూ ఆ మటన్ కోసమే ఎదురుచూసేదాన్ని, దాచుకోవడం దేనికి!

ఈసారి డిసెంబరులో బర్డ్ ఫ్లూ వచ్చిపడింది. ఎక్కడో దూరాన ఫారాల్లో వేల కోళ్లను పూడ్చిపెడుతున్నట్టు టీవీలో చూపించారు. మా వైపు ఒక్క కోడికీ ఏమీ కాలేదు. పశువుల డాక్టరు వచ్చి చూసి, బాగా ఉడికించి తింటే భయం లేదని చెప్పి వెళ్లాడు. ఆ మాట అక్క అట్ట మీద పెద్దక్షరాలతో రాయించి కొట్టుకి వేలాడదీసింది. చదివినవాళ్లు చదివినట్టే తలూపి, పక్క సందులో మటన్ కొట్టు ముందు వరస కట్టారు.

అలా మూడు వారాలు. అమ్ముడుపోని కోళ్లకి మేత వేయడం, కూర్చుని ఈగలు తోలుకోవడం. పని ఉన్న రోజుల కంటే పని లేని ఈ రోజుల్లోనే ఆవిడ ఎక్కువ అలిసిపోయింది. ఇంటికి వచ్చి గోడకి చేరగిలబడితే మంచినీళ్లు అడగడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

పండగకి రెండు రోజుల ముందు ఎదురింటి టైలరమ్మ గుమ్మంలోంచి పలకరించింది.

"ఈసారి కూడా మీ ఇంట్లో మటనేనా అక్కా?"

ఏటా అడిగే మాటే. కానీ ఈసారి ఆమె నవ్వలేదు, జవాబు కోసం ఆగింది.

"కాదమ్మా, చికెనే" అంది అక్క.

ఆమె వెళ్లాక నేను గొడవపెట్టుకున్నాను. "నువ్వు తినగలవా అసలు?"

"తినాలి. ఇప్పుడు నేను మటన్ కొట్టు ముందు కనబడితే ఇంకేమైనా ఉందా? తన కోడి తనే తినట్లేదంటారు. జనవరి కూడా ఇలాగే ఉంటే కొట్టు మూసుకోవడమే. ఈ వయసులో నన్ను పనిలో ఎవరు పెట్టుకుంటారు?"

నా మటన్ ఆశకి అక్కడితో నీళ్లొదులుకున్నాను.

పండగ రోజు కళ్లు చూసి, రెక్క ఎత్తి చూసి, ఉన్నవాటిలో మంచి కోడిని ఆవిడే ఎంచింది. ముక్క ఎముకని వదిలేదాకా ఉడికించింది. గిన్నె తెచ్చి వీధి వరండాలో పెట్టింది. మా ఆయన డ్యూటీకి పోయాడు కనుక బావగారూ, ఆవిడా, నేనూ ముగ్గురం చాప మీద కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి నడక తగ్గించేవాళ్లు. వాళ్లు దగ్గరపడగానే బావగారు "అబ్బ, ఏం రుచి!" అని గొంతు పెంచేవారు. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతూ, కళ్లనీళ్లు తిరుగుతున్నా నమిలి మింగింది. ఆవిడని చూస్తే జాలేసింది. మటన్ కోసం లోలోపల సణిగినందుకు సిగ్గేసింది.

అంతలో టైలరమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చింది.

"అక్కా, మా చిన్నది మటన్ నమలలేక ఒకటే ఏడుపు. రెండు ముక్కలు పెట్టవా? మీరు తింటుంటే చూసి మాకూ ధైర్యం వచ్చింది."

మూడు వారాలుగా ఆవిడ ఎదురుచూస్తున్న మాట అది. వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. అక్క గిన్నె అందుకుని, గరిటె కూరలో ముంచి, అలాగే ఉండిపోయింది. ఆ పిల్లకి మూడేళ్లు. డాక్టరు చెప్పింది ఆవిడకి తెలుసు, కూర ఎంతసేపు ఉడికిందో తెలుసు. అయినా చెయ్యి రాలేదు.

"అయిపోయిందమ్మా" అంటూ మూత పెట్టేసింది.

సగానికి పైగా కూర ఉంది. టైలరమ్మ చూసింది కూడా. అక్క చేతిలోంచి ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఆగినవాళ్లూ కదిలారు.

బావగారు తల పట్టుకున్నారు. "ఎంత పని చేశావే! కాళ్ల దగ్గరికి వచ్చిన బేరం! రేపు ఇంకెవరైనా కొట్టు మెట్లెక్కుతారా?"

"నాకేమన్నా అయితే నేను పడతానండీ" అంది అక్క. అలిసిపోయిన గొంతు, అందులో కోపం కూడా లేదు. "నాకూ భయమేనని ఇప్పుడే తెలిసింది. ఆ పిల్లకి పెట్టలేనిదాన్ని, రేపు కొట్టులో నిలబడి ఏ మొహం పెట్టుకుని అమ్మేది?"