ట్రైనింగ్‌ల ఉన్న బిడ్డ

మా కాలనీలో ట్రైనింగ్ అనే మాటకు ఒకటే అర్థం. ముందు ఉద్యోగం ఖాయమవుతుంది, ఆర్డరు చేతికొస్తుంది, ఆ తర్వాత ట్రైనింగ్‌కు పోతారు. అక్కడ టోపీ, బూట్లు ఇచ్చి, బాయిలోకి ఎట్లా దిగాలో, పైకప్పు పగిలే ముందు ఎట్లా చప్పుడవుతుందో నేర్పిస్తారు. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. ట్రైనింగ్ అయిపోగానే పోస్టింగ్. గోదావరి ఒడ్డున కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఎవరినడిగినా ఇదే చెప్తారు. ఎవరి కొడుకైనా "ట్రైనింగ్‌ల ఉన్నడు" అంటే చాలు, పిల్లనిచ్చేవాళ్లు ఇంటికొచ్చి కూర్చునేవారు.

నేను డిగ్రీ లక్సెట్టిపేటలో చదివాను. తర్వాత ఏం చదవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకైతే అసలే తెలియదు. పీజీకి అప్లికేషన్ పెట్టడానికి పోతే మంచిర్యాలలో నెట్ సెంటర్ ఆయన స్క్రీన్ నావైపు తిప్పి, "చెప్పమ్మా, ఏది ముందు పెట్టాలె?" అన్నాడు. ఎమ్మెస్సీ, ఎంకామ్, ఎంబీఏ, లా... హోటల్లో ఏమేం టిఫిన్లున్నాయో చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అన్నాను. కరీంనగర్ యూనివర్సిటీలో సీటొచ్చింది. పెద్దపల్లి మీదుగా బస్సులో పోతూ వస్తూ, కొన్నాళ్లు హాస్టల్లో ఉంటూ పూర్తి చేశాను. అయిపోయాక చూస్తే నాకంటే ముందు పాసైన అక్కలు ఒకరు మందుల ఫ్యాక్టరీలో, ఒకరు చీరల షాపులో కనబడ్డారు. షాపులో ఉన్నామె నాకు చీరలు చూపిస్తూనే, "బీఈడీ చెయ్యి, సర్కారు బడిలో పడతవు" అని సలహా ఇచ్చింది. ఆమె కూడా బీఈడీ చేసింది. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

బీఈడీ సీటు వచ్చిన రోజు బాపు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. బాయిలో పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టడం ఆయన పని. నడుముకు బెల్టు విప్పుకుంటూ అడిగాడు.

"ఎమ్మెస్సీ అయిపాయె గదా. మల్ల గిదేం సదువు బిడ్డా?"

"టీచర్ ట్రైనింగ్, బాపూ."

ఆయన బెల్టు పక్కన పెట్టి నన్నే చూశాడు. "ట్రైనింగా!" అన్నాడు. అమ్మను మేం అవ్వ అంటాం, అవ్వను వంటింట్లోంచి పిలిచి మళ్లీ నాతో చెప్పించాడు. ఆ సాయంత్రం కాలనీ అంతా స్వీట్లు పంచాడు. సీటొచ్చినందుకే ఇంత సంబరమా అని నేను నవ్వుకున్నాను.

రెండో ఏడు మమ్మల్ని పాఠాలు చెప్పి చూపించమని బడులకు పంపారు. అందరం ఒకే రంగు చీరలు కట్టుకుని పోయేవాళ్లం. బాపుకు ఫోటో పంపితే ఆయన దాన్ని షిఫ్టులో అందరికీ చూపించాడట. "డ్యూటీ ఎక్కినవా బిడ్డా? ఏ షిఫ్టు?" అని ఫోన్లో అడిగాడు. నేను ఎగతాళి అనుకుని, "జనరల్ షిఫ్టే బాపూ" అన్నాను. ఇద్దరం ఎంత నవ్వామో.

కోర్సు అయిపోయింది. బాపు పోస్టింగ్ ఎక్కడని అడగడం మొదలుపెట్టాడు. పరీక్షలున్నాయి బాపూ అంటే, రాయి బిడ్డా అనేవాడు. ఆయన దృష్టిలో ట్రైనింగ్ చివర అందరికీ పరీక్ష ఉంటుంది, అందరూ పాసవుతారు. నేను అర్హత పరీక్ష గట్టెక్కాను. పోస్టులిచ్చే రెండో పరీక్షకు నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను. వచ్చింది. మా జిల్లాలో నా సబ్జెక్టుకు పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకు రాలేదు. ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఈలోగా, నా పోస్టింగ్ నేడో రేపో అనుకుంటూనే, బాపు రిటైరయ్యాడు.

క్వార్టర్ ఖాళీ చేసే రోజు పక్కింటి కాక సామాను ఎక్కించడానికి వచ్చాడు. ఆయనా బాపూ ఒకే షిఫ్టు. కాక మోకాళ్లు అరిగి బాయి పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చాక ఆయన కొడుకుకు కంపెనీలో ఉద్యోగమొచ్చింది. సర్వీసులో ఉండగా అట్లా తేలితేనే ఇంట్లో ఒకరికి ఇస్తారు, రిటైరయ్యాక ఇవ్వరు. బీరువా పట్టుకుని వాకిట్లోకి తెచ్చాక, కాక చెమట తుడుచుకుంటూ ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"అప్పుడే జెప్పిన. సర్వీసు ఉండంగనే మెడికల్ బోర్డుకు పోదాం రా, నీ నడుం జూస్తే ఉన్నపలంగ అన్‌ఫిట్ జేస్తరు, పొల్లకు నౌకరి వస్తది అని. ఇనలే."

నేను బాపు వైపు తిరిగాను. "నిజమేనా బాపూ? ఎందుకు పోలేదు?"

బాపు అటక మీది గిన్నెలు అవ్వకు అందిస్తున్నాడు. నడుం తిరగడం లేదు, మొత్తం ఒళ్లు తిప్పి చూశాడు. నేను అడగకూడనిది అడిగానన్నట్టు ఆశ్చర్యపోయాడు.

"నువ్వు ట్రైనింగ్‌ల ఉంటివి గదా బిడ్డా. రెండు నౌకర్లు ఏం జేసుకుంటవు?"

కిందపరిచిన బొంత మీద కూర్చుండిపోయాను. మెల్లగా చెప్పాను. మా ట్రైనింగ్ అట్లాంటిది కాదు, ఎవరైనా చేయొచ్చు, వేలమంది చేసి ఖాళీగా ఉన్నారు, చేసినందుకు ఉద్యోగం ఇస్తామని ఎవరూ అనలేదు అని. ఆయన నడ్డి విరిగే నొప్పితో చివరి రోజుదాకా బాయిలోకి దిగింది నాకు నౌకరి ఖాయమైందన్న నమ్మకంతోనే. నాకు రావాల్సిన కంపెనీ ఉద్యోగం పోయింది కూడా అందుకే. ఈ రెండూ ఒకేసారి తెలిశాయి నాకు.

అంతా విని బాపు ఒకటే అడిగాడు. "నౌకరి ఇయ్యనప్పుడు మరి ట్రైనింగ్ ఎందుకిచ్చిన్రు?"

దేశంలో ఎవరి దగ్గరైనా దీనికి జవాబు ఉంటే నాకు చెప్పండి, ఆయనకు చెప్తాను. ఉండదు. నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. కాసేపటికి అదీ పోతుంది. పొద్దున లేస్తే మళ్లీ అదే బడి, అదే బోర్డు, పది మూలకాల పేర్లు.

ఇప్పుడు లక్సెట్టిపేటలో కిరాయింట్లో ఉంటున్నాం. మొన్న ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. మా పాత కాలనీ పిల్లే, డిగ్రీ ఆఖరి ఏడు. యూనివర్సిటీలో ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి మేడం అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎమ్మెస్సీ, లా, బీఈడీ... నా గొంతు నాకే నెట్ సెంటర్ ఆయన గొంతులా వినబడింది. ఆ పిల్ల "బీఈడీయే చేస్త మేడం, ట్రైనింగ్ ఉన్నట్టుంటది" అంది.

మంచం మీద వెల్లకిలా పడుకున్న బాపు అక్కడినుంచే అడిగాడు.

"మీ బాపు ఏం జేస్తడు బిడ్డా?"

"బాయిలనే తాతా."

"ఇంక సర్వీసు ఉన్నదా?"

"ఉన్నది. గానీ పానం బాగుంటలేదు."

బాపు లేవబోయాడు. నేను పోయి వీపు కింద చెయ్యి పెట్టి కూర్చోబెట్టాను. ఆయన నన్ను చూడలేదు, ఆ పిల్లనే చూస్తూ చెప్పాడు.

"ఏదన్న సదువు బిడ్డా, మంచిగ సదువు. గానీ మీ బాపుకు మాత్రం ట్రైనింగ్ అని చెప్పకు."