శాలువాలో చుట్టిన పిట్ట

ఈ సంగతి ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. బరువు ఎంతని అడిగితే నవ్వుతారు. జానెడు చెక్క, కాస్త రంగు. అంతే. నా పేరు చెప్పను. మా వైపు కెమెరా మెడలో వేసుకుని తిరిగేవాళ్లు తక్కువ, ఇట్టే పట్టేస్తారు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

నేను శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుమస్తాని. మా అక్క మొగుడికి నరసన్నపేటలో ఇనప సామాన్ల కొట్టు ఉంది. నాకు మొదటి కెమెరా కొనిచ్చి, ఫోటోల గ్రూపులో చేర్పించింది బావే. మా గ్రూపుకి ఒక ఆచారం ఉంది. ఆదివారం తెల్లారుతూనే అందరం ఎటో ఒకవైపు వెళ్తాం. మధ్యాహ్నానికల్లా ఒక్కొక్కరూ ఒక ఫోటో గ్రూపులో పెట్టాలి. పెట్టనివాణ్ని వారమంతా ఏడిపిస్తారు. పిట్ట ఫోటో అయితే దాని పేరేమిటో మేష్టారు తేలుస్తారు. ఆయన రిటైరైన జువాలజీ లెక్చరర్. ఆయన తేల్చాక ఇక అప్పీలు లేదు.

నాకు పిట్టలు అచ్చిరావు. ఫోకస్ కుదిరేలోగా ఎగిరిపోతాయి. అందుకని సాధన కోసం జాతరలో ఒక చెక్క పిట్టను కొన్నాను. నీలం తల, పసుపు పొట్ట, ఎర్ర తోక. బొమ్మ చేసినాయన ఏ రంగులు మిగిలితే అవి పూసేసినట్టున్నాడు. ఒక ఆదివారం ఊరి బయట చెరువు దగ్గర, మిగతావాళ్లు కొంగల వెంటపడి అవతలి గట్టుకి పోయాక, దాన్ని ఎండు కొమ్మకి తీగతో కట్టి ఫోటో తీశాను. మంచు దట్టంగా ఉంది. తీగ కనబడలేదు. తీరా చూసుకుంటే పిట్టలో ప్రాణమున్నట్టే ఉంది.

మధ్యాహ్నం పెట్టడానికి నా దగ్గర అదొక్కటే ఉంది. ఇదేం పిట్టో చెప్పుకోండి అని రాసి పెట్టాను. వేళాకోళానికే. నిజంగా వేళాకోళానికేనా? ఎవరో ఒకరు బొమ్మని పట్టేస్తే నేనూ కలిసి నవ్వేద్దామనుకున్నాను, పట్టకపోతే ఏం చేయాలన్నది మాత్రం, గుమస్తా బుద్ధి కదా, అప్పుడు చూసుకుందాంలే అని పక్కన పెట్టాను.

ఎవరూ పట్టలేదు. మేష్టారు పేజీడు రాశారు. హిమాలయాల అవతలి జాతట, దారి తప్పి మన జిల్లాకి రావడం ఇదే మొదలట. ఆ తర్వాత ఎవరు నోరెత్తుతారు? మొన్న తామూ చూశామనీ, చేతిలో కెమెరా లేకపోయిందనీ రాసినవాళ్లు కూడా ఉన్నారు. నెలాఖరు మీటింగులో నాకు శాలువా కప్పారు. కప్పింది బావే. కప్పుతూ కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ శాలువా వెచ్చగా ఉంది. ఊరుకున్నాను.

తప్పు అక్కడితో ఆగితే ఇదంతా రాసేవాణ్ని కాదు.

బావది మనుషుల్ని తీసే చెయ్యి. మేకుల కోసం వచ్చిన తాపీ మేస్త్రి నవ్వు, సిమెంటు బస్తాల మీద నిద్రపోతున్న కళాసీ ముఖం, అలాంటివి తీసేవాడు. చూస్తే ఆ మనిషి మన పక్కనే ఉన్నట్టుండేది. నా పిట్ట వచ్చాక బావ పొడుగాటి లెన్సు కొన్నాడు. దానికి దగ్గరి మనుషులు ఆనరు. ఒకసారి ఆ మేస్త్రే ఫోటో తియ్యమంటే, రోడ్డు దాటి అవతల నిలబడమన్నాడు. లారీల మధ్య ఆయనకి నవ్వెక్కడొస్తుంది? ఆ తర్వాత బావ మనుషుల్ని తీయడమే మానేశాడు. గ్రూపు ఎటు వెళ్లినా తను మాత్రం ఆ చెరువు గట్టుకే వెళ్లి, ఆ కొమ్మకి ఎదురుగా మడత కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళ్తాను. అంత మంచి చేతిని పాడుచేసినవాణ్ని, టీ పోయడం తప్ప ఏం చేయగలను?

పోయిన చలికాలంలో ఒక ఆదివారం నేను వెళ్లేసరికి బావ కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"ఒరే, కనబడీసిందిరా."

"ఏటి బావ?"

"ఏటంటావేట్రా, నీ పిట్టే. ఆ కొమ్మ మీదే వాలింది. మెడ తిప్పి నన్ను సూసింది. కెమెరా ఎత్తేలోగా ఎల్లిపోనాది. పోతే పోనాదిలే. సూసీసినాను, సాలు."

బావ అబద్ధమాడే మనిషి కాదు. ఇంకేదో పిట్టని చూసి ఉంటాడు. లేదా చూడాలని అంతగా కోరుకుని చూసేసి ఉంటాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. అలాంటి ముఖాన్ని ఫోటో తీయాలంటే బావే తీయాలి.

"అవును బావ," అన్నాను. "నన్నూ అలాగే సూసింది."

మొదటిసారి ఊరుకున్నాను, అంతే. ఇది నోరు తెరిచి ఆడిన అబద్ధం. పోనీ, చూశాడు కదా, ఇక మళ్లీ మనుషుల్ని తీస్తాడులే అనుకున్నాను. మరుసటి ఆదివారం రెండు కుర్చీలు తెచ్చాడు. ఆ పిట్టని నిజంగా చూసింది మనిద్దరమే కదా అని, రెండోది నాకోసం.

పిట్ట మా ఇంట్లో బీరువాలో ఉంది, ఆ శాలువాలోనే చుట్టి. బావ చూశానన్న రోజు ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, దాని మెడ తిప్పి చూశాను. తిరగలేదు. చెక్కది కదా, ఎలా తిరుగుతుంది? తెలిసీ ఇంకోసారి తిప్పాను.

ఈ మాట బావకి చెప్పలేదు. చెప్పగలననీ అనుకోను. మీకైతే చెప్పేశాను. ఇవాళ కాస్త ఊపిరాడుతోంది.