ఆటోలో పరాయి మూట

ఈయేల పొద్దున్న ఆనందపురం ఎల్లే ఆటోలో ఎవరో మనిషి నా కాళ్ల కాడ మూటొకటి పెట్టి, "మామ్మా, మావోళ్లు దించుకుంటార్లే" అన్నాడు. ఎండుసేపల వాసన మద్దిన మరేదో పచ్చాకు వాసన తగిలింది. కాళ్లు ఎనక్కి లాక్కున్నాను. వకీలు సత్యవతమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి సానాళ్లైంది, మీరు సూడనేదు. మీ నాన్న ఆ హైదరాబాదులో మీ పక్కన కూకుని బువ్వ తింటన్నాడంటే ఆవిడ పుణ్యమే పిల్లలూ.

అప్పటికి మీ నాన్నకి పెళ్లి కానేదు. మా జాలరిపేట ఆడోళ్ల ఎండుసేపల తట్టలన్నీ తన ఆటోలో సంతకి తోలేవోడు. తోవలో ఎవరడిగినా, ఏ తట్టకైనా "మాదే" అనేవోడు. మాకదే అలవాటు. ఒకరి తట్ట ఇడిసిపెట్టేసి వత్తే మర్నాడు ఆళ్ల ముకం ఎలా సూత్తాం? ఓనాడు తెలిసినోడెవడో తట్టల మద్దిన మూట పడేసి పోయాడు. పోలీసులాపి "ఇదెవరిది?" అన్నారు. ఈడు తిరిగైనా సూడకుండా "మాదే" అనేశాడు. అందులో గంజాయి ఉంది. మీ నాన్నని స్టేషనుకి పట్టుకుపోయారు.

కంచరపాలెంలో వకీలమ్మ గారింటికి పరిగెత్తాను. "ఉరేత్తారా అమ్మా?" అన్నాను.

"ఉరి లేదు. అలాగని తీపి మాటలూ చెప్పను నూకాలూ. ఏడుపాపి విను. కిలో లోపలైతే ఏడాది దాకా జైలో, జరిమానాయో, రెండూనో. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకి తగ్గదు, బెయిలు రావడమే కష్టం. మీవాడిది మధ్యలో ఉంది. పదేళ్ల దాకా వెయ్యొచ్చు."

"ఆడికేటీ తెలీదమ్మా!"

"తెలీదని మనమే చూపించాలి. చూపిస్తే వదిలేస్తారు. వాడేమో మాదే అని కూర్చున్నాడు."

"అయితే ఆ మూట నాదేనని నాను సెప్పేత్తాను."

"చెప్పు. అప్పుడు ఇద్దరికీ జైలుకి క్యారేజీ ఎవరు తెస్తారు?"

నా ఏడుపు ఆగిపోయింది. భయమేసినప్పుడు ఏడవకుండా అడగడం ఆ రోజే నేర్సుకున్నాను.

బెయిలొచ్చింది గానీ నిద్దర రానేదు.  వాయిదాకెళ్లిన ప్రతిసారీ మీ నాన్న కోర్టు గది గుమ్మం కాడ సెప్పులిప్పుతుంటే, మళ్లీ తొడుక్కుంటాడో నేదోనని సూసేదాన్ని. ఆకరికి ఆవిడ మా తట్టలోళ్లనే సాచ్చికానికి పిలిపించారు. మా పోలమ్మొదిన బోనులో నిలబడి, "ఎవరి తట్టైనా ఆడు మాదే అంటాడు బాబూ. ఆటో ఎక్కితే మిమ్మల్నీ మావోరే అంటాడు" అంది. అందరూ నవ్వారు. నాను జడ్జిగారి ముకమే సూత్తన్నాను.

కేసు కొట్టేశారు. బయటికొచ్చాక ఆవిడ మీ నాన్న సెవి పట్టుకుని, "ఇంక మాదే అనే ముందు మూట విప్పి చూడరా" అన్నారు. కోర్టు గేటు దాటేదాకా ఆ సెవి ఒదల్నేదావిడ.

అందుకే ఈయేల "నా కాడొద్దు, తీసీ నాయనా" అన్నాను. ఆ మనిషి మూట తీసి పక్క తట్టామె కాళ్ల కాడ పెట్టాడు. ఆమె "ఉండనీలే, మాదేననుకుంటాం" అనబోయింది. గబుక్కున ఆమె సెయ్యి పట్టుకున్నాను. "అప్పా, ఇప్పి సూశాక అను."

ఆ మనిషి మూట భుజానేసుకుని ఎల్లిపోయాడు. అందులో ఏటుందో నాకు తెలీదు. ఆమె సెయ్యి మాత్రం ఆనందపురం దాకా ఒదల్లేదు.