ఒరకు పూసిన ఆముదం

కువైట్‌లోని జాబ్రియాలో నేను చూసుకుంటున్న పెద్దాయన ఒకప్పుడు యూనిఫాం వేసుకున్న ఆఫీసరు. రిటైరై ఏళ్లు గడిచినా, నడుముకు పిస్టల్ లేనిదే శుక్రవారం తోటకు బయల్దేరేవాడు కాదు. లైసెన్సు ఉంది, దానికి తగ్గ పద్ధతీ ఉంది. గుళ్లు నింపిన పిస్టల్ని ఎటు తిప్పి పట్టుకోవాలో, వేలు ఎక్కడ ఉండకూడదో సగం అరబీలో సగం ఇంగ్లీషులో నాకే క్లాసు పీకేవాడు. "తుపాకీని నమ్మకు బింతీ, నీ వేలిని నమ్ము" అనేవాడు. బింతీ అంటే నా కూతురా అని. నేను ఆయన్ని బాబా అంటాను, ఇంటి యజమానురాలు కాబట్టి ఆయన కోడల్ని మామా అంటాను. ఈ సంగతి ఫోన్లో చెబితే, కోడలు మామేవిటే అని కోనసీమలో మా అమ్మ పడీపడీ నవ్వింది.

పాత ఒర చిరిగిపోతే కొడుకు బయటిదేశం నుంచి కొత్త తోలు ఒర తెప్పించాడు. పెట్టెలో దాంతోపాటు మడతలు పెట్టిన కాగితం ఉంది. బాబాకి చిన్న అక్షరాలు ఆనవు, నన్ను చదవమన్నాడు. చూస్తే అన్నీ హెచ్చరికలే. నింపిన పిస్టల్ ప్రాణం తీయొచ్చు, బాధ్యత మాది కాదు. ఒరతో సహా కింద పడితే బాధ్యత మాది కాదు. చొక్కా అంచు లోపల ఇరుక్కుని పేలితే బాధ్యత మాది కాదు. నేను చదివేకొద్దీ ఆయన నవ్వడమే. "నా పెళ్లప్పుడు ఇలాంటి కాగితం ఒక్కడూ ఇవ్వలేదు" అన్నాడు. నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఇంకో ముక్క చదివాను: తోలుకు నూనె పూసి మెత్తబరచవద్దు, అది గట్టిగా ఉండటంలోనే మీ భద్రత ఉంది. దానికీ నవ్వాం.

కొత్త ఒర నిజంగానే మొండిది. బాబాకి వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. పిస్టల్ లోపలికి తోసినా, బయటికి లాగినా ఆముదం తాగినట్టు మొహం పెట్టేవాడు. చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. మా ఇంట్లో కొత్త కిర్రుచెప్పులు కరుస్తుంటే నాన్న ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాడు. తర్వాత అవి పాదం ఎలా చెబితే అలా వినేవి. బాబా మోకాళ్లకు రాసే ఆముదం సీసా నా గదిలోనే ఉంది.

కాగితంలో ముక్క గుర్తులేదా అంటే, ఉంది. లేదని ఎలా చెప్పను? కంపెనీవాడు అలాగే రాస్తాడు, ఇది ఎండి పగిలితేనేగా ఇంకోటి అమ్ముకునేది అనుకున్నాను. అంత తెలివి నాది. ఆయనకు చెప్పకుండా లోపలా బయటా పట్టించి, మేడమీద కువైట్ ఎండకు పెట్టాను.

వాడగా వాడగా తోలు లొంగిందనుకున్నాడు బాబా. "దీనికీ నాకూ సయోధ్య కుదిరింది" అని పిల్లాడిలా సంబరపడ్డాడు. నేను లోలోపల మురిసిపోయాను.

ఆ శుక్రవారం తోటకు వెళ్లాలని డ్రైవరు బయట కారు స్టార్ట్ చేశాడు. హాల్లో బాబా నడుముకు ఒర కట్టుకున్నాడు. చేతికర్ర పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. ఆయన పిస్టల్ని ఒరలోకి తోశాడు. చెవులు పగిలేలా పేలింది. నేలమీద టైలు ముక్కలై, ఒక పెంకు ఆయన కాలు కోసింది. ఆయన తొడుక్కున్న తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా అంచు ఎర్రబడింది. గుండు తొడకు పక్కనుంచి పోయింది. ఆ క్షణంలో నేను చూసింది ఆయన చూపుడువేలు. అది ట్రిగ్గరు మీటకు దూరంగా, నిటారుగా చాచి ఉంది. కళ్లారా చూశాను.

పిస్టల్ పక్కన పెట్టించి, బెల్టు విప్పుతుంటే నాకు అర్థమైంది. ఒర నోరు లోపలికి ముడుచుకుపోయి ఉంది. గట్టి తోలయితే తెరుచుకునే ఉండేది. మెత్తబడ్డ ఆ అంచే లోపలికి మడతపడి మీటను నొక్కేసింది.

కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "చేయి వణికింది బాబా, ఇంక చాలు" అన్నాడు. బాబా సరేనని తలూపాడు. పిస్టల్ పోలీసులకు అప్పగించేశారు, తోటకు వెళ్లడం మాన్పించేశారు.

జగిత్యాల నుంచి వచ్చిన, నేను తమ్ముడూ అని పిలిచే మా డ్రైవరుకు మాత్రం చెప్పాను. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నోరిప్పకక్కా. మాట బయటవడితే ఈడ ఉండనిచ్చే నీ ఇఖామా ఖలాస్, సీదా ఇమానం ఎక్కిస్తరు. ముసలాయనకైతే ఏం గాలే గదా?"

"ఏం కాలేదా? వెళ్లి ఆయన మొహం చూడు తమ్ముడూ" అన్నాను. కానీ నోరు మాత్రం మూసుకున్నాను. మంచికి పోతే చెడు ఎదురైందని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. మనసు ఒప్పుకోలేదు. మామా వంటింట్లో నూనె ఎక్కడుందని అడిగినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

బాబా కిటికీ ముందు కూర్చుని, చేయి చాచి దాన్నే చూసుకునేవాడు. ఎప్పుడూ వణకని ఆ చేయి నిజంగానే వణకడం మొదలుపెట్టింది. కాఫీ ఫింజాన్ కింద రెండో చేయి ఆనించి తాగేవాడు. ఒక మధ్యాహ్నం కాఫీ ఒడిలో ఒలికింది. "నా వేలే నన్ను మోసం చేసింది బింతీ" అన్నాడు.

ఇంక నావల్ల కాలేదు. ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఆముదం సంగతి, ఎండ సంగతి అంతా చెప్పేశాను. "మీ వేలు బయటే ఉంది బాబా. నేను చూశాను."

"ఆ ముక్క చదివింది నువ్వే కదా!" అని అరిచాడు. "చచ్చేవాణ్ణి, తెలుసా?"

తెలుసన్నాను. ఇంకా తిడితే బావుండనిపించింది. ఆయన తిట్టలేదు. చేయి చాచి చాలాసేపు చూసుకున్నాడు. అది వణకలేదు.

"మీ అబ్బాయికి చెప్పేస్తాను బాబా" అన్నాను.

"లా, వద్దు. వాడు నిన్ను ఇంటికి పంపేస్తాడు. నాకు తెలిసింది, చాలు."

సాయంత్రం కొడుకూ మామా వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. నేను ఫింజాన్ అందించాను. బాబా రెండు చేతులతో తీసుకున్నాడు. చేతులు గడగడా వణికాయి, కాఫీ ఒడిలో ఒలికింది. కొడుకు మామా వంక చూసి నిట్టూర్చి, ఫింజాన్ తన చేతిలోకి తీసుకుని తండ్రి పెదాలకు అందించాడు. బాబా బుద్ధిగా తాగాడు. నేను గుడ్డ తెచ్చి ఒడి తుడిచాను. గుడ్డ కింద ఆయన చేయి రాయిలా కదలకుండా ఉంది. నేను తలెత్తలేకపోయాను.