దిండు మీద బొటనవేలు

పరుపుల షాపాయన దిండు కుట్టడం అయ్యాక దాని నడుమ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు. గుంట చప్పున పూడిందా, దిండు అమ్మకానికి పోతుంది. పూడలేదా, కుట్టు విప్పి దూది మళ్ళీ ఏకాల్సిందే. పక్కన దిండు గలీబులు కుట్టే భార్య కూడా ఆ వేలు లేచేదాకా సూది ఆపి చూస్తుంది.

ఈమధ్య ఆమె చూపు ఆయన ఛాతీ మీదికి పోతోంది. పరుపు చుట్టి భుజానికెత్తుకుంటే చాలు, ఆయన మాట మధ్యలో తెగిపోతోంది. అడిగితే దూది దుమ్మంటాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని మళ్ళీ పనిలో పడతాడు.

"ఒక్కసారి డాక్టరుకి చూపించుకుందామండీ."

"చూపిస్తే ఏమంటాడు? దూది మానేయమంటాడు. మానేసి నీ గలీబులకి గుండీలు కుట్టుకుంటూ కూర్చోమంటావా?"

ఆమె భయం దుమ్ము గురించి కాదు. పలచటి దిండొకటి చాలనే మనిషి రాత్రిళ్ళు తల కింద రెండోది వేసుకున్నాడు. కొన్నాళ్ళకి మూడోది. సరుకు ఎలా ఉందో చూస్తున్నానన్నాడు.

"ఇంకొక్కటి వేశావంటే అటకెక్కి పడుకున్నట్టే నాన్నా," అంది కూతురు. ఆయనా నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది. సాయంత్రమయ్యేసరికి చెప్పులు కాలికి పట్టడం లేదు. పట్టీ దిగిన చోట చార పడితే స్నానం చేసొచ్చినా పోవడం లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె తెగించింది.

"ఒక్క దిండు మీద కాసేపు కునుకు తీసి చూపించండి. ఇక డాక్టరు మాటెత్తితే ఒట్టు."

"మాట మీద ఉంటావా?"

"ఉంటా."

ఆయన కొత్త పరుపు మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. పొద్దున్నుంచి కరెంటు లేదు. ఏకే యంత్రం తిరగలేదు. తుడిచిన షాపులో నలుసు దుమ్ము లేదు. ఆమె సూదిలో దారం ఎక్కించబోయింది. బెజ్జం దొరకలేదు. ఆయన నిద్ర నటిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. వేళ్ళు పరుపు గుడ్డని పట్టుకున్నాయి. గొంతులో ఏదో గురగురమంది. లేపుదామా అనుకుంది, కానీ లేపితే తను ఓడినట్టు.

ఉన్నట్టుండి ఆయన నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా లేచి కూర్చున్నాడు. పడుతూ లేస్తూ గడప దాకా వచ్చి, మోకాళ్ళ మీద చేతులూని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కున్నాడు. పెదవులు నల్లబడుతున్నాయి. ఆమె సగం షట్టరు లాగి ఆటోని ఆపింది.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగిందే ఆమెను ఉలిక్కిపడేలా చేసింది.

"పడుకుంటే ఆయాసం ఎక్కువవుతోందా? ఎన్ని దిండ్లు వేసుకుంటారు?"

"మూడండీ," అంది ఆమె. నా గుట్టు రట్టు చేశావే అన్నట్టు ఆయన ఆమె వంక చూశాడు.

డాక్టరు ఛాతీ మీదా వీపు మీదా స్టెతస్కోపు పెట్టి విన్నాడు. తర్వాత వంగి, కాలి ఎముక మీద బొటనవేలు గట్టిగా ఆనించి తీశాడు. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

ఆయన దాన్నే చూస్తున్నాడు. "పూడలేదే," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"ఆయాసానికి చాలా కారణాలుంటాయి," అన్నాడు డాక్టరు. "ఆస్తమా అవొచ్చు, రక్తం తక్కువుండొచ్చు. మీ విషయంలో నా అనుమానం గుండె మీద. అది రక్తాన్ని సరిగ్గా తోడలేకపోతే నీరు కాళ్ళలోనూ ఊపిరితిత్తుల్లోనూ చేరుతుంది. పరీక్షలు చేద్దాం. మిమ్మల్ని ఇంటికైతే పంపను."

"దూది మానాలా?"

"ముందు ఊపిరి అందనివ్వండి. అది తర్వాత."

నీరు లాగే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కొన్నాళ్ళకి ఒక ఉదయం ఆమె దుప్పటి తొలగించి, ఆయన కాలి మీద బొటనవేలు నొక్కి తీసింది. గుంట పడింది. గుంట మెల్లగా, చాలా మెల్లగా పూడుతోంది.

"అమ్మకానికి పనికొస్తానా?" ఆక్సిజన్ మాస్కులోంచి అడిగాడాయన.

"ఇంకా లేదు. మళ్ళీ ఏకాలి."

దుప్పటి కప్పి, ఆయన తల కింది రెండో దిండు తీసి చూద్దామని చెయ్యి చాచింది. ఆయన ఛాతీ లేచి దిగడం కాసేపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.